బాగుందని చెప్పని మేస్త్రీ

స్టైనార్ మేస్త్రీ లోపలికి అడుగు పెట్టగానే ఆ ఉన్ని మిల్లులో మాటలు ఆగిపోయేవి. ఆయన కోపిష్ఠి అని కాదు. ఎవరినీ తిట్టి ఎరుగడు, గొంతు పెంచి ఎరుగడు. నేసిన దుప్పటిని వెలుతురుకు ఎత్తి పట్టుకుని, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా చూసేవాడు. తప్పు కనిపిస్తే అక్కడ వేలు పెట్టి "ఇక్కడ ముడి" అనేవాడు. కనిపించకపోతే మడిచి పక్కన పెట్టి, తర్వాతి మగ్గం దగ్గరికి నడిచేవాడు. ఇరవై ఆరేళ్ళుగా అంతే.

"ఈరోజు నన్నేమీ అనలేదర్రా! పండగ చేసుకోవాలి, కాఫీ నేనే పోస్తా" అని మూడో మగ్గం లైడుల్ఫ్ అందరినీ నవ్వించేవాడు.

నార్వే పడమటి తీరంలో, కొండల నడుమకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ ఒడ్డున ఉందా మిల్లు. పనివాళ్ళు పద్దెనిమిది మంది. నవ్వులకు లోటు లేదు. అయితే పాఠకులారా, ఆ నవ్వుల చాటున ఒక జబ్బు దాగి ఉంది. పోగు తెగి ముడి పడితే అక్కడ ఎవరూ పైకి చెప్పేవారు కాదు. దాన్ని లోపలికి తోసి, పైన ఉన్ని దువ్వి, కనిపించకుండా చేసేవారు. మంచి పనికి ఒక్క మాటైనా దక్కని చోట, తప్పును దాచుకోవడమే తెలివనిపిస్తుంది.

స్టైనార్ భక్తిపరుడు. ప్రతి గురువారం ప్రార్థనా మందిరంలో వాక్యం చదివేది ఆయనే. మనిషిని మెచ్చుకుంటే గర్వం వస్తుందని, గర్వం పాపమని ఆయన తండ్రి నేర్పాడు. తోటివారి ఆత్మలకు మేలు చేస్తున్నానన్న నమ్మకంతోనే ఆయన మెప్పు మాట నోట రానిచ్చేవాడు కాదు.

మార్చిలో ఒక సోమవారం ఓడ్నీ ఆయన బల్ల మీద ఒక ఉత్తరం పెట్టింది. పదిహేనేళ్ళుగా మొదటి మగ్గం ఆమెదే.

"ఏమిటిది?"

"చదువుకో. నెల్లాళ్ళలో మానేస్తున్నా. అవతలి ఒడ్డున చేపల ఫ్యాక్టరీలో చేరతా. రబ్బరు బూట్లు కూడా కొనేశా."

స్టైనార్ తెల్లబోయాడు. "నేనెప్పుడైనా నిన్నొక మాట అన్నానా, ఓడ్నీ?"

"అనలేదు. నా గోల అదే. ఇన్నేళ్ళలో నా పని గురించి నువ్వు మాట్లాడిందల్లా ముడుల గురించే. మిగతా దుప్పట్లన్నీ ఏమయ్యాయి స్టైనార్? గాలికి కొట్టుకుపోయాయా?"

"ఏమీ అనలేదంటే బాగున్నట్టే కదా!"

"అది నాకెలా తెలుస్తుంది? మబ్బు చూసినట్టు రోజూ నీ మొహం చూసి ఊహించుకోవాలా? మన ఊళ్ళో మబ్బైనా అప్పుడప్పుడు విడుతుంది!"

ఆ గురువారం మందిరంలో చదవాల్సిన భాగం సృష్టి గురించినది. మిల్లువాళ్ళు సగం మంది అక్కడే ఉన్నారు. స్టైనార్ ఎప్పటిలాగే ఒకే గొంతుతో మొదలుపెట్టాడు. దేవుడు వెలుగును చేసి, చూసి, అది మంచిదని తలచిన చోటికి రాగానే రెండో బెంచీలో ఓడ్నీ దగ్గింది. నేలా మొక్కలూ అయ్యాక మళ్ళీ "మంచిది" వచ్చింది. లైడుల్ఫ్ దగ్గాడు. సూర్యచంద్రుల దగ్గర బెంచీ బెంచీ అంతా దగ్గింది. జలుబుల కాలంలో కూడా ఆ మందిరం అంత దగ్గు విని ఉండదు.

స్టైనార్ చదవడం ఆపేశాడు. చెవులు ఎర్రబడ్డాయి. చిన్ననాటి నుంచి నోటికొచ్చిన వాక్యమే అది. పనంతా ముగిసేదాకా ఆగకుండా, ఒక్కొక్కటి చేసినప్పుడల్లా దేవుడు మంచిని మంచి అంటూనే ఉన్నాడన్న సంగతి మాత్రం ఆయనకు ఈరోజే వినబడింది.

"పాస్టర్ గారూ, మిగతాది మీరు చదవండి" అని కూర్చుండిపోయాడు.

ప్రార్థన అయ్యాక అందరూ కాఫీ కప్పులు పట్టుకుని ఉండగా, ఆయన పాస్టర్ ఇంగెబోర్గ్‌ను పక్కకు పిలిచాడు. "మెచ్చుకుంటే గర్వం రాదంటారా?"

ఆమె నవ్వింది. "లేనిది చెప్పి ఉబ్బిస్తే వస్తుంది. ఉన్నది ఉన్నట్టు చెబితే దాన్ని సాక్ష్యం అంటాం. నువ్వు ముడులకు మాత్రమే సాక్ష్యం చెబుతున్నావు స్టైనార్. కళ్ళారా చూసిన మిగతాదంతా దాచేస్తున్నావు. సగం దాచిన సాక్ష్యం నిజమవుతుందా?"

మర్నాడు ఉదయం ఆయన లైడుల్ఫ్ దుప్పటిని ఎత్తి చూశాడు. గొంతు సవరించుకున్నాడు. మిల్లంతా ఊపిరి బిగబట్టింది.

"ఈ దుప్పటి... దుప్పటిలా ఉంది."

"మరి తలుపులా ఉంటుందనుకున్నావా?" అన్నాడు లైడుల్ఫ్. మగ్గాల మోతను మించి నవ్వులు లేచాయి. స్టైనార్ కూడా నవ్వాడు. ఆయన పళ్ళు చాలామంది చూడటం అదే మొదటిసారి.

తర్వాత ఆయన మొదటి మగ్గం దగ్గరికి వెళ్ళాడు. ఈసారి నవ్వు లేదు.

"ఓడ్నీ, కళ్ళు మూసుకుని తడిమినా నీ దుప్పటి ఏదో చెప్పగలను. నీ అంచు ఎక్కడా బిగుసుకోదు, ఎక్కడా జారదు. కిందటేడు మా చెల్లెలి మనవరాలి బాప్తిస్మానికి దుప్పటి కావాల్సొస్తే, గుట్టంతా తిరగేసి నీది వెతికి పట్టుకెళ్ళా. ఆ సంగతి నీకు చెప్పలేదు. చెప్పకపోవడం తప్పు. నన్ను క్షమించు."

ఓడ్నీ మగ్గం ఆపింది. "ఎంతసేపు వెతికావు?"

"ఒక పూట."

"నన్నడిగితే చిటికెలో తీసిచ్చేదాన్ని కదయ్యా!" అంటూ చేతి వెనకతో కళ్ళు తుడుచుకుంది. "అయినా ఉత్తరం చింపేస్తాననుకోకు. ఈ కొత్త నోరు నెల్లాళ్ళు పనిచేస్తుందేమో చూడాలి."

పనిచేసింది. మొదట్లో తడబడినా, ఏది బాగుందో దాన్నే పట్టుకుని చెప్పడం ఆయనకు అలవాటైంది. ఒకరి రంగుల పొందిక, ఇంకొకరి ఓపిక, వేరొకరు మగ్గాన్ని శుభ్రంగా ఉంచే తీరు. తప్పుల దగ్గర వేలు పెట్టడం మాత్రం మానలేదు. ఇప్పుడా వేలు ఎవరినీ గుచ్చలేదు.

మూడో వారంలో లైడుల్ఫ్ తనంతట తానే దుప్పటి తెచ్చి పరిచాడు. "ఇక్కడొక ముడి ఉంది. దాచేద్దామనుకున్నా, మనసొప్పలేదు." ఆ మాట విని ఇంకో ముగ్గురు లేచి తమ ముడులూ చూపించారు. అందరూ కలిసి వెతికితే, ఉన్ని చుట్టే యంత్రంలో ఒక పన్ను అరిగిపోయి పోగును కోస్తోందని తేలింది. ఏళ్ళ తరబడి ఎవరికి వారు తమ చేతకానితనమే అనుకుని సిగ్గుపడి దాచుకున్న లోపం, ఒక మధ్యాహ్నంలో బాగైంది.

నెల తిరిగేసరికి ఓడ్నీ తన ఉత్తరం తాను తీసేసుకుంది. రబ్బరు బూట్లు వృథా కాలేదు. ఆ ఊళ్ళో వానకు కొదవ లేదు.

పెంతెకొస్తు పండగ ముందు మిల్లులో అందరూ ఒకచోట చేరినప్పుడు స్టైనార్ లేచి నిలబడ్డాడు. చేతిలో కాగితం లేదు.

"ఇన్నేళ్ళూ నేను దేవుణ్ణి గురువారం సాయంత్రం మందిరంలో వదిలేసి, శుక్రవారం ఒంటరిగా పనికి వచ్చేవాణ్ణి. ఆయన ఇక్కడే, ఈ మగ్గాల మధ్యే ఉన్నాడని మీ దగ్గు విన్నాకే తెలిసింది. తోటి మనిషి చేతుల్లో మంచి కనిపించినప్పుడు, అది ఆ మనిషి చెవిన పడేలా చెప్పడం కూడా ప్రార్థనే."