అయిదు నిమిషాల క్షమ

ఆ కార్యాలయపు సర్వరు వయోవృద్ధమూర్తి. తయారుచేసినవారే దాని యోగక్షేమాలు విచారించడం మానుకుని చాలాకాలమైంది. అయినా ఉద్యోగులందరూ రోజూ ఉదయం తొమ్మిదింటికల్లా పేరూ పాస్‌వర్డూ సమర్పించి దాని అనుగ్రహం పొందవలసిందే. అది నమోదు చేసిన వేళే హాజరు. మూడుసార్లు ఆలస్యమైతే ఉద్యోగం హుళక్కి. ఈ శాసనకర్త మేనేజరుగారు. చాటున ఆయన బిరుదనామం ‘అలారం’.

నిన్ననే ఆ శాసనం తొలి బలిని స్వీకరించింది. ఒకనాడు రెండు నిమిషాలు, ఇంకొకనాడు మూడు, మొన్న నాలుగు ఆలస్యమైందని రికార్డుల గుమస్తాను తొలగించారు. అందరూ అక్కయ్య అని పిలుచుకునే ఆవిడ, తాను తొమ్మిదికే వచ్చానని ఎంత మొత్తుకున్నా చెవిటివాడి ముందు శంఖమే అయింది.

ఈ ఉదయం సర్వరు ఎవరినీ లోనికి రానివ్వలేదు. మేనేజరుగారిని సైతం, కోట వాకిట కొత్త కాపలావాడు చక్రవర్తిని నిలదీసినట్టు, నువ్వెవరంది.

కాంట్రాక్టు టెక్నీషియను కేబుళ్లు కదిపి చూశాడు, పాస్‌వర్డులు మార్చి చూశాడు, చివరికి నాలుక కరుచుకున్నాడు.

“దీని గడియారం చెడింది సార్. కొన్నాళ్లుగా ముందుకు పరిగెడుతోంది. మన కంప్యూటర్ల టైముకీ దీనికీ అయిదు నిమిషాల తేడా దాకా సర్దుకుపోతుంది. ఇవాళ ఆరైంది, మొండికేసింది.”

“అయితే?”

“అక్కయ్య లేటుగా రాలేదు సార్. ఇదే తొందరపడింది.”

“మరి మిగతావాళ్లకి లేటు పడలేదేం?”

“మీకు జడిసి వాళ్లు అరగంట ముందే వచ్చి కూర్చుంటారు. ఆవిడ కూతుర్ని బడిలో దింపి సరిగ్గా తొమ్మిదికొస్తుంది.”

ఒక యంత్రానికి అయిదు నిమిషాల క్షమాగుణం ఉన్నదని విని మేనేజరుగారు విస్తుపోయారు. అది తయారీలోపమని ఆయనకు తోచింది.

గడియారం సరిదిద్ది, కార్యాలయమంతా లాగిన్ అయ్యేసరికి పదికి అయిదు నిమిషాలుంది. మళ్లీ మొరపెట్టుకోవడానికి వచ్చి పొద్దుటినుంచీ వరండా బల్లమీద కూర్చున్న అక్కయ్యను లోనికి పిలిపించారు.

“తప్పు గడియారానిదేనమ్మా. అప్పీలుకి ఇవాళ పదింటిదాకా గడువుంది. పెట్టుకోండి, ఉద్యోగం మీదే. రూలు తెలుసుగా, సొంత లాగిన్‌లోంచే పెట్టాలి.”

ఆమె చేతులు జోడించి, గబగబా తన పాత కుర్చీలో కూర్చుని పేరు కొట్టింది. ఆ పేరు గలవారెవరూ లేరంది సర్వరు. మళ్లీ కొట్టింది. మళ్లీ అదే మాట.

“అయ్యో, మీ అకౌంటు నిన్ననే తీయించేశాను కదూ!” అన్నారు మేనేజరుగారు, ఎంతో మృదువుగా.

ఆమె టెక్నీషియను వైపు తిరిగింది. “తీసింది నువ్వేగా తమ్ముడూ. మళ్లీ పెట్టలేవూ?”

రెండు నిమిషాల పని. అతని కాంట్రాక్టు పొడిగింపు కాగితం మేనేజరుగారి బల్లమీద సంతకం కోసం పడి ఉంది. ఆయన కలం మూత తీసి, ఆగారు.

“పాత సర్వరు కదక్కా,” అన్నాడు టెక్నీషియను నేలచూపులు చూస్తూ. “ఒకసారి తీసేస్తే మళ్లీ ఒప్పుకోదు.”

కలం కాగితంపై కదిలింది. తెరమీద పది గంటలైంది. ఇప్పుడా గడియారంలో క్షణం కూడా తప్పు లేదు.