రాతి చెట్టు కింద రేడియోలు

మా ఆయన కరుణాకర్‌కు పిచ్చి రెండే. ఒకటి రేడియోలు, రెండోది నల్లమల. వాళ్ళ నాయన ఫారెస్టు గార్డు. రుద్రవరం పక్క అడివిలో ఒక చెట్టు కింద గుడ్డ పరుచుకొని, కొమ్మకు ట్రాన్సిస్టరు తగిలించి, కొడుకును పక్కన కూచోబెట్టుకొని శనక్కాయలు వలుచుకుంటా పాటలు వినేవాడంట. ఆ సుఖం మళ్ళా యాడా దొరకలేదంటాడు ఈయన. పెండ్లయిన కాడ్నించి ఈ కత విని విని, నేను కూడా ఆ చెట్టు కింద కూచున్నానేమో అని నాకే అనుమానం వచ్చేది.

ఆళ్ళగడ్డ బస్టాండు పక్కన రిపేరు బల్ల వేసుకొని బతికే మనిషి, ఎనభై అయిదులో నంద్యాలలో సొంత అంగడి పెడతానన్నాడు. రేడియోలు, టేప్‌రికార్డర్లు, అప్పుడప్పుడే వస్తాండే టీవీలు. హైదరాబాదు కంపెనీ వాళ్ళు ఒక మాట చెప్పినారు. క్రిస్మస్ ముందర మా ఆఫీసరు వస్తాడు, అంగడి నడుస్తాంటే ఏజెన్సీ మీకే అని. ఏజెన్సీ వస్తే నంద్యాల. రాకుంటే మళ్ళా అదే బస్టాండు, అదే బల్ల, అదే దుమ్ము. ఆ దుమ్ములోకి తిరిగి పోవాలని నాకు ఒక్క రవ్వ కూడా లేదు.

“అంగడి అడివి మాదిరి ఉండాల” అన్నాడు ఈయన. “జనం వచ్చి చెట్టు నీడన కూచున్నట్టు కూచోని రేడియో వినాల.”

“షట్టరు లోపల చెట్లు పెంచుతావా ఏంది?”

“పెంచేదెందుకు? చెక్కిస్తా.”

ఆళ్ళగడ్డలో ఏ సందులోకి పోయినా ఉలి చప్పుడే కదా. విగ్రహాలు చెక్కే మద్దిలేటి ఈయనకు స్నేహితుడు. పొద్దంతా రేడియో వింటానే రాయి కొడతాడు. ఆ రేడియో రాతి దుమ్ము తిని మూగబోయినప్పుడల్లా ఈయనే బాగుచేసి ఇచ్చేవాడు. ఆ చనువుతో మద్దిలేటికి చెప్పినాడు. “అన్నా, దేవుళ్ళు వద్దు. చెట్లు, తీగెలు, చిలకలు. అంతే.”

“చెట్లే చెక్కుతా పోప్పా” అన్నాడు మద్దిలేటి. మాట తప్పలేదు కూడా. రెండు నల్లరాతి స్తంభాలు చేసినాడు. మొదలు కాడ వేర్లు, పైన కొమ్మలు, ఆకాకుకూ ఈనెలు, పండ్లు కొరుకుతాండే చిలకలు. వెనక గోడకు పెద్ద ఇప్పచెట్టు, దాని తొర్రలో టీవీ, పైన చిన్న దీపం. కప్పుకు వెదుర్లు పరిపించినాం. కింద బేతంచెర్ల బండలు, కాలు పెడితే చల్లగా. వాకిలి కడపకూ రాయే వేసి, నడుమ ఒక తామరపువ్వు చెక్కినాడు. “కడప బోసిగా ఉంటే నా చెయ్యి ఊరుకోదప్పా” అన్నాడు. చూసి నా కండ్లలో నీళ్ళు తిరిగినాయి. ఇంత అందమైన అంగడి నంద్యాలలో ఇంకోటి లేదు, ఉంటే చూపించమనండి.

అంగడి తెరిచిన పొద్దు మొదట వచ్చింది లింగమ్మవ్వ. చాగలమర్రి దిక్కు శనక్కాయ రైతు, రేడియో కొనాలని బస్సెక్కి వచ్చింది. కడప కాడ ఆగింది. తామరపువ్వును చూసింది. చెప్పులిడిచి, వంగి కడపను తాకి కండ్లకద్దుకుంది. లోపలికి వచ్చి, ఆపేసిన టీవీ ముందర చేతులు కట్టుకొని నిలబడింది.

“ఏం కావాలవ్వా?” అన్నా.

“ఏం లేదమ్మా, చూసి పోదామని” అని గుసగుసగా చెప్పి, వీపు చూపకుండా వెనక్కి నడుచుకుంటా పోయింది.

ఆ యమ్మ చెప్పులు చూసి ఇంకొకరు విడిచినారు. ఆ జతలు చూసి మరొకరు. సాయంత్రానికి అంగడి ముందర చెప్పుల కుప్ప. జనం తిరణాలకు వచ్చినట్టు వస్తాండారు, నోరు తెరుచుకొని చూస్తాండారు, పోతాండారు. ఒక్కరూ రేడియో ముట్టుకోరు, ధర అడగరు. ఒకాయప్ప టేప్‌రికార్డరు ముందర ఒక అరటిపండు కూడా పెట్టి పోయినాడు. మా అత్త జీవమ్మ ప్రార్థన కూటం నుంచి వస్తా చూసి, “ఏందిరా కరుణాకరూ, మనోళ్ళలో గుడి కట్టినోడివి నువ్వే” అనింది. ఈయనకు ఒళ్ళు మండిపోయింది. “ఇది చెట్టుమ్మా, చెట్టు” అని వచ్చినోళ్ళందరికీ చెప్పడం మొదలుపెట్టినాడు. అందరూ భక్తిగా తలకాయ ఊపేవాళ్ళు.

ఇట్లా వారాలు గడిచినాయి. రేపు ఆఫీసరు వస్తాడనంగా, లింగమ్మవ్వ మళ్ళా కనిపించింది. మా అంగడి దాటి చౌకు దిక్కు పోతాంది. నాకు మనసాగక, మా చంటిబిడ్డ సువార్తను చంకనేసుకొని వెనకాలే పోయినా. చౌకులో ఇంకొక రేడియో అంగడి ఉంది, రేకుల కొట్టం. అవ్వ చెప్పులతోనే లోపలికి పోయింది. స్టేషను బిర్రలు తిప్పింది, రేడియోను దబదబ తట్టింది, “ఏందప్పా, దీంట్లో బంగారం పోసినారా” అని అంగడాయనతో కలబడింది. ధర తెగక తిట్టుకుంటా బయటికి వచ్చింది. ఈ యమ్మేనా మా కాడ గుసగుసలాడింది!

“మా అంగట్లో ఒక్క మాట అడగలేదేమవ్వా?” అన్నా.

“మీ కాడ బేరమాడితే కండ్లు పోవామ్మా?” అనింది.

ఇంటికొచ్చి చెప్తే ఈయన మళ్ళా అదే పాట. “నేను కట్టింది చెట్టు.” నేను ఆయన కాళ్ళ దిక్కు చూసినా. వట్టి కాళ్ళు, మడమల దాకా రోడ్డు దుమ్ము. చెప్పులు యాడ అంటే, అంగడి బయటే మర్చిపోయి వచ్చినాడు. తెరిచిన కాడ్నించి పొద్దున్నే కడప కాడ విడిచి లోపలికి పోతాండాడంట, తనకే తెలియకుండా. తలకాయ దించుకొని, “పొద్దున్నే సుత్తితో ఆ పువ్వు కొట్టేస్తా” అన్నాడు.

“పువ్వేం పాపం చేసింది? ఉండనీ” అన్నా.

చెట్టు కింద చేసే పనేంది, గుళ్ళో చెయ్యనిదేంది? అన్నం వారుస్తా అదే ఆలోచన. మా అమ్మ కూలికి పోయి, నన్ను చేని గట్టున కొమ్మకు చీర ఉయ్యాలలో వేసేది మతికొచ్చింది.

పొద్దున్నే అంగడికి పోయి ఆ రెండు రాతి స్తంభాలకూ అడ్డంగా తాడు బిగించి, చీర ఉయ్యాల కట్టి మా సువార్తను పడుకోబెట్టినా. పక్కన ఉడకబెట్టిన శనక్కాయల గంప. నేను బండల మీద కూచోని వలిచి పొట్టు అక్కడే వేస్తాండా. ఈయన వచ్చి చూసి బిత్తరపోయినాడు.

“ఏమ్మే, మతి పోయిందా నీకు? ఆఫీసరు ఈ పొద్దే వస్తాడు!”

“చెట్టే కదప్పా నువ్వు కట్టింది. చెట్టు కింద ఉన్నట్టు ఉండనీ.”

లింగమ్మవ్వ ఈసారి అల్లున్ని పిలుచుకొని వచ్చింది, వాడికి మా అంగడి చూపించాలని. కడప కాడ ఒక చెప్పు విడిచింది. రెండోది విడిచేలోపల ఉయ్యాల్లోంచి సువార్త ఉచ్చ పోసింది. కారి బండల మీద మడుగు కట్టింది. అవ్వ దాన్ని చూసింది, నన్ను చూసింది, పొట్టును చూసింది. పడీ పడీ నవ్వింది. విడిచిన చెప్పు మళ్ళా వేసుకొని చరచరా లోపలికి వచ్చి, బిడ్డనెత్తుకొని, “ఆ ఎర్ర రేడియో ఎంతమ్మా?” అనింది. చెప్పినా. “ఏంది, దీంట్లో కూడా బంగారమేనా?” అనింది.

ఆ గొడవ రోడ్డు దాకా వినిపించింది. జనం చెప్పులతోనే లోపలికి వచ్చి కూచున్నారు, శనక్కాయలు తిన్నారు, బిర్రలు తిప్పినారు. రేడియోలన్నీ ఒక్కసారే అరుస్తాంటే ఆఫీసరు వచ్చినాడు. కడప కాడ పువ్వును చూసి, వంగి బూట్ల లేసులు విప్పబోయినాడు.

“అట్లే రాప్పా” అని లోపల్నుంచి లింగమ్మవ్వ కేకేసింది. “చెట్టు కిందికి వచ్చేదానికి బూట్లు యాల విప్పుతావు?”

ఆఫీసరు బూట్లతోనే వచ్చి, చుట్టూ చూసి, ఏజెన్సీ మీకేనయ్యా అన్నాడు. ఈయన ఆ మాట సరిగా విన్నాడో లేదో. లింగమ్మవ్వ దిక్కే చూస్తాండాడు. చూసి చూసి బయటికి పోయినాడు, చెప్పులు వేసుకున్నాడు, కడప దాటి లోపలికి వచ్చినాడు. ఒక ట్రాన్సిస్టరు తీసి రాతి చిలక ముక్కుకు తగిలించి, దాని కింద కూలబడి, నా గంపలోంచి శనక్కాయలు తీసుకొని వలుచుకున్నాడు.