కూర్చుని చేసిన పదం

ఆ రోజు ఆ ఇంట్లో ఊర్మిళగారు, ఆవిడ అత్తగారు రంగనాయకమ్మగారు, కూతురు సుభద్ర, హార్మోనియం వాయించే సూర్యారావుగారు ఉన్నారు. పెరట్లో ఫూల్‌బాయి గిన్నెలు తోముతోంది. ఇంటాయన డ్యూటీకి వెళ్ళారు. నేను చాప అంచున, ఎవరికీ అడ్డం రాకుండా కూర్చున్నాను.

మా అమ్మమ్మ పోయాక, కిందటి వానాకాలంలో నన్ను కోనసీమ నుంచి రాయపూర్ తీసుకొచ్చారు. నాన్న రైల్వేలో ఫిట్టరు. ఊళ్ళో ఎనిమిదో తరగతి దాకా తెలుగులో చదివాను. ఇక్కడ బడి హిందీలో. "వచ్చే ఏడు చూద్దాంలే" అన్నాడు నాన్న. కుళాయి దగ్గర ఆడవాళ్ళు ఏదో అడుగుతారు, నేను తలూపుతాను, వాళ్ళు నవ్వుతారు. మధ్యాహ్నం అమ్మ పడుకున్నాక డైరీ తీస్తాను. కొన్ని రోజులు అందులో రాసేందుకు ఏమీ ఉండదు, ఎవరితోనూ ఒక్క మాటైనా ఆడి ఉండను.

సుభద్ర ఒకనాడు కరివేపాకు కోసం మా క్వార్టర్‌కి వచ్చి, వెళ్ళకుండా నిలబడిపోయింది.

"అరె, నీకు మాటలు రావా? పేరైనా చెప్పు."

"కోటమ్మ."

"కోటీ, ఉగాదికి రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాల్లో నా డాన్సు. చెలికత్తెగా ఒక అమ్మాయి కావాలి. ఒక్క మాట కూడా అనక్కర్లేదు, బొమ్మలా నిలబడితే చాలు. నీకు బిల్కుల్ సరిపోతుంది!"

తను నవ్వింది, నేనూ నవ్వాను. రాయపూర్ వచ్చాక నాతో వేళాకోళం ఆడిన మొదటి మనిషి తను. తనకి స్నేహితురాలిని కావాలని, తన పక్కన స్టేజీ మీద నిలబడాలని ఎంత కోరిక కలిగిందో ఆ రోజు డైరీలో రాశాను.

సుభద్ర పిలిచిందని అమ్మకి చెప్పాను. "వెళ్ళు. అమ్మమ్మ ఏం చేసేదని అడిగితే కొబ్బరితోట ఉండేదని చెప్పు. ఆట మాట, పాట మాట ఎత్తకు" అంది. అమ్మకి అమ్మమ్మ ఏదీ నేర్పలేదు. పెళ్ళి చేసి పంపించేసింది. నాకు మాత్రం నేర్పింది. గజ్జెలు లేకుండా, పక్కింటికి వినబడనంత గొంతుతో పాడుతూ నేర్పింది. ఒకప్పుడు గుళ్ళో, పెద్దవాళ్ళ పెళ్ళిళ్ళలో చేసిన ఆటని ఎందుకలా దాచాలో అడిగితే, "దొరలకి నచ్చలేదే. తరవాత మనవాళ్ళకీ నచ్చలేదు" అని ఊరుకునేది.

ఊర్మిళగారు మద్రాసులో చదువుకుంటూ రెండేళ్ళు నాట్యం నేర్చుకున్నారట. నేను వాళ్ళింటికి వెళ్ళిన రోజు సుభద్రకి ఒక పదానికి అభినయం చెబుతున్నారు. అది నాకు తెలిసినదే. రాని ప్రియుడు ఎవరింటికి వెళ్ళాడో చూశావా అని నాయిక చెలిని అడుగుతుంది. సుభద్ర చేతులు బాగానే పెడుతోంది, మొహంలోకి మాత్రం ఏమీ రావడం లేదు.

"అలా కళ్ళు తిప్పకే, సినిమాలా ఉంది."

"మరెలా తిప్పాలో నువ్వే చూపించమ్మా!"

"వస్తే చూపించనా? రెండేళ్ళలో ఎన్నని నేర్చుకుంటాను?"

సూర్యారావుగారు హార్మోనియం మీద చేతులు ఆపేశారు. "ఈ ముక్క ఇంకోసారి పాడానంటే రేపు పార్సిలాఫీసులో నా గొంతు లేవదండీ."

సుభద్ర హఠాత్తుగా నా వైపు తిరిగింది. "అమ్మా, కోటీ వేళ్ళు చూడు! ఒళ్ళో పెట్టుకుని ఆడిస్తోంది. దీనికి వచ్చు!"

"రాదు" అన్నాను.

"ఝూఠ్! చెయ్యి, చూద్దాం. ఎవరూ నవ్వరు."

తను అడిగింది. నేను లేచాను. చాప మధ్యకి వెళ్ళి కూర్చున్నాను. ఒక కాలు మడిచి, ఒక మోకాలు పైకి పెట్టుకుని, సూర్యారావుగారి కోసం ఆగకుండా నేనే పాడుకుంటూ చేశాను. పదానికి కూర్చోవాలి కదా. ఎక్కడైనా అలాగే చేస్తారనుకున్నాను, సుభద్ర ఇంకా నేర్చుకుంటోంది కాబట్టి నిలబడిందేమో అనుకున్నాను. అమ్మమ్మని తప్ప ఇంకొకరిని నేనెప్పుడూ చూడలేదు. చెలిని ముందు కోపంగా అడిగాను. తరవాత ఏడుపు మింగుకుంటూ అడిగాను. చివరికి, చెప్పినా చెప్పకపోయినా నాకేమిటన్నట్టు గాజులు సర్దుకుంటూ అడిగాను.

ఫూల్‌బాయి బూడిద చేతులతో పెరటి గుమ్మంలో నిలబడి ఉంది. "అబ్బడ్ సుగ్ఘర్ హే, నోనీ" అంది. చాలా బాగుందన్నదని ఆమె మొహం చూస్తే తెలిసింది.

"ఎవరు నేర్పారే నీకు?" ఊర్మిళగారు దగ్గరకొచ్చారు.

అబద్ధం సిద్ధంగా లేదు. "మా అమ్మమ్మ."

మంచం మీద నుంచి రంగనాయకమ్మగారు అడిగారు. "ఏ ఊరే మీది?"

చెప్పాను.

"అమ్మమ్మ పేరు?"

"శేషమ్మ."

"అదీ సంగతి! చెయ్యమంటే కూర్చుందేమిటా అనుకున్నాను. సానివాళ్ళు కదూ పదానికి అలా కూర్చునేది." ఆవిడ కోడలి వైపు తిరిగారు. "శేషమ్మ నా పెళ్ళికి వచ్చింది. నా నల్లపూసలు గుచ్చింది ఆవిడే. దేవుడి భార్య కదా, వైధవ్యం లేని చెయ్యి అని మా అత్తగారు బండి కట్టించి మరీ పిలిపించారు. నాలుగోనాడు మేజువాణీ. ఇదిగో, ఇలాగే కూర్చుని పాడింది."

"మరి మంచిదేగా మామ్మా?" అంది సుభద్ర.

"అప్పటికి మంచిదే. మా మామగారు కలెక్టరు దొర కచేరీలో పెద్ద గుమాస్తా. మా ఆడపడుచు పెళ్ళికి దొరా దొరసానీ వచ్చారు. శేషమ్మ పాడుతుంటే దొరసాని 'నాచ్, నాచ్' అని ఈసడించుకుంటూ మొహం తిప్పుకుని లేచిపోయింది. మామగారికి తల కొట్టేసినట్టయింది. ఇక మా వంశంలో ఏ శుభకార్యానికీ సాని గడప తొక్కకూడదన్నారు. తొక్కలేదు."

"అత్తయ్యగారూ, పిల్ల ముందు ఎందుకండీ."

"ఉన్నమాటే అన్నాను."

 ఊర్మిళగారు మెల్లగా, "మేం నేర్చుకున్నది శాస్త్రం. అది వేరు, ఇది వేరు" అన్నారు. నా వైపు తిరిగి, "ఆ గాజులు సర్దుకోవడం ఒక్కసారి చెయ్యమ్మా" అన్నారు.

కూర్చోబోయాను.

"వద్దు, నిలబడి."

నిలబడితే నా చెయ్యి ఎక్కడ ఆగాలో దానికి తెలియలేదు. ఎప్పుడూ మోకాలి మీద నుంచే అది లేచేది. అయినా చేశాను. సుభద్ర చూసింది, పెదవి కొరుక్కుంటూ మళ్ళీ మళ్ళీ చేసింది. కాసేపటికి వచ్చేసింది. తన చేతిలో అది నిలబడి కూడా బాగుంది. అమ్మమ్మ పోయాక ఆ కదలిక ఇంకొకరి ఒంటి మీద చూడటం అదే మొదలు. నాకు ఎంత సంతోషమైందంటే, రంగనాయకమ్మగారి మాటలు కూడా మరిచిపోయాను.

"షాబాష్!" అన్నారు సూర్యారావుగారు సుభద్రతో.

"స్టేజీ మీద నేను ఎటువైపు నిలబడాలండీ?" అని అడిగాను.

ఊర్మిళగారు నా తల నిమిరారు. ఆవిడ గొంతులో కోపం లేదు. "హాలుకి వచ్చేవాళ్ళంతా మన జిల్లాలవాళ్ళే, అమ్మా. ఎవరైనా గుర్తుపడితే రేపు మీ అమ్మకే ఇబ్బంది. చెలికత్తె లేకుండానే కానిచ్చేస్తాం. ఇక ఇంటికి వెళ్ళు."

సుభద్ర ఏదైనా అంటుందని చూశాను. తను చాప వైపు చూస్తోంది.

వరండా మెట్లు దిగుతుంటే వెనక నుంచి పిలిచింది. "కోటీ!"

పరుగున వెనక్కి వెళ్ళాను. సుభద్ర తలుపు రెక్క పట్టుకుని నిలబడి ఉంది. లోపల హార్మోనియం మొదలైంది.

"గాజుల తరవాత కళ్ళు పైకా, కిందికా?"

"కిందికి" అన్నాను.

"అచ్ఛా" అని తలుపు వేసేసింది.