అక్షర క్రమంలో మరిచిపోరు

"నీది కూర్చుని చేసే పనేగా, అక్కడే కూర్చుని చేసుకో," అన్నారు మా ఆయన, షూ లేసు ముడి వేసుకుంటూ. అత్తయ్య మోకాలు చూపించడానికి ఎవరు తీసుకెళ్లాలన్న ప్రశ్న మా ఇంట్లో పుట్టనే పుట్టదు. ఆయనకు మీటింగులుంటాయి. నాకు ల్యాప్‌టాప్ ఉంటుంది.

అలా ఆస్పత్రి హాల్లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను. ఒళ్లో ఆవిడ ఎక్స్‌రేలు, స్వెటరు, వాటి మీద ల్యాప్‌టాప్. ల్యాబుల రక్తపరీక్షల రిపోర్టులు దాచే కంపెనీలో సర్వర్లకు కాపలా నా ఉద్యోగం. ఎవరు లోపలికి వచ్చారు, ఎవరి పాస్‌వర్డ్ తప్పింది, అన్నీ నమోదవుతాయి. ఒకే మనిషి వరసగా తప్పు కొడితే ఖాతాకు దానంతటదే తాళం పడుతుంది. ఆ ఉదయం అలా ఎవరికీ పడలేదు. ఒక్కొక్కరి పేరు మీద ఒక్కటే తప్పు. కానీ అన్నీ ఒకే బయటి ఇంటర్నెట్ చిరునామా నుంచి, ఉద్యోగుల పేర్ల వరసలో, ఒకరి తర్వాత ఒకరు.

మేనేజరుకి ఫోన్ చేశాను.

"సెలవులయ్యాక మొదటిరోజు కదమ్మా, అందరూ మర్చిపోయుంటారు."

"అక్షర క్రమంలో మర్చిపోతారా సార్?"

"మీకు ప్రతిదానికీ కంగారే. సాయంత్రం మీటింగులో చూద్దాం."

ఆయన పెట్టేసేలోగా ఒక పేరు దగ్గర తప్పు పడలేదు. పాస్‌వర్డ్ సరిపోయి తలుపు తెరుచుకుంది. రిపోర్టుల విభాగంలో అమ్మాయి ఖాతా అది. కిందటి వారమే ప్రసవమైంది. ఆమెకి చేశాను. వెనక పసిబిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది.

"లాగినా? తల దువ్వుకోడానికే దిక్కులేదక్కా!"

ఖాతా మూసెయ్యడానికి నాకు అధికారం ఉంది. ఇన్నేళ్లూ దాన్ని కూడా అడిగి, నసిగి, అనుమతి తీసుకుని వాడాను. ఈసారి ఎవరినీ అడగలేదు.

అప్పుడే నర్సు అత్తయ్య పేరు పిలిచింది.

"ఆ పెట్టె మూసెయ్ అమ్మాయ్, పిలుస్తున్నారు."

"మీరు వెళ్లండత్తయ్యా. ఇది వదిలి రాలేను."

ఆవిడ నావైపు కొత్త మనిషిని చూసినట్టు చూసి, ఎక్స్‌రేలు తీసుకుని, గోడ పట్టుకుని లోపలికి వెళ్లింది. నేను ఖాతా మూశాను, లోపలికి దూరినవాణ్ని బయటికి నెట్టాను, ఆ చిరునామాకి దారి కట్టేశాను. ఒక్క రిపోర్టూ బయటికి పోలేదు. జరిగిందంతా మేనేజరుకి రాసి పంపాను.

అత్తయ్య బయటికొచ్చి ముందు కొడుక్కి ఫోన్ చేసింది. వెంటనే ఆయన నాకు చేశారు.

"అమ్మని ఒక్కదాన్నే పంపావట? అంత కొంపలు మునిగే పనేంటి?"

"మునిగేవేనండీ. ఇందాక ఎవడో..."

"సర్లే, ఇంటికొచ్చాక చెప్దువుగాని."

ఇంటికొచ్చాక ఎవరూ అడగరని నాకు తెలుసు. ఈలోగా ఆఫీసు గ్రూపులో మేనేజరు మెసేజ్: "మన టీమ్ సకాలంలో దాడిని గుర్తించి అడ్డుకుంది." కింద చప్పట్ల బొమ్మలు. టీమ్ అంటే ఈ కుర్చీలో, ఒళ్లో స్వెటరుతో ఉన్న నేను. ఏడుపు రాలేదు, ఒట్టి విసుగొచ్చింది.

"డాక్టరు అన్నీ నన్నే అడిగాడు," అంది అత్తయ్య పక్కన కూర్చుంటూ. కోపం ఇంకా పోలేదు, కానీ గొంతులో కాస్త గర్వం కూడా ఉంది. "ఎక్కడ నొప్పో నేనే చెప్పాను."

కౌంటర్లో అమ్మాయి వచ్చే గురువారానికి మళ్లీ రమ్మంది. "గుర్తు చేయడానికి ఫోన్ నంబరు చెప్పండి."

చెప్పాను. ఆమె రాసుకుని తలెత్తింది.

"ఇది మీదేనా మేడమ్?"

"కాదు. వాళ్లబ్బాయిది," అన్నాను.