వాసన చూసే మనిషి

ముప్పై ఏళ్లు పాల కేంద్రంలో నా పని ఒక్కటే, క్యాను మూత తీసి వాసన చూడటం. నేను తలూపితే పాలు ట్యాంకులోకి, పెదవి విరిస్తే కాలువలోకి. ఇంట్లో కూడా గడియారం కంటే నా ముక్కుకే విలువ ఎక్కువ.

పోయిన నెల జ్వరంతో ఆ ముక్కు కాస్తా చచ్చింది. ఇప్పుడు నాకు కాఫీపొడీ ఫినాయిలూ ఒకటే. తలకొట్టేసినట్టయి ఎవరికీ చెప్పలేదు.

నిన్న పొద్దుటి నుంచి కరెంటు లేదు. మధ్యాహ్నం మూడింటికి కోడలు పాలగిన్నె తెచ్చి నా ముందు పెట్టింది.

"పొద్దున కాచినవి అత్తయ్యా. పాపకి పట్టొచ్చా?"

వంగి వాసన చూశాను. ఏమీ తెలియలేదు. తెలియలేదని చెప్పడానికి నోరు రాలేదు. తల మాత్రం పాత అలవాటులో ఊగింది. ఆమె చక్కెర కలిపి తాగించింది.

సాయంత్రానికి పాప వాంతులతో తోటకూర కాడలా వేలాడిపోయింది. ఆసుపత్రిలో సెలైన్ పెడుతూ డాక్టరమ్మ కోడలి మీద విరుచుకుపడింది.

"ఈ ఎండల్లో అంతసేపు బయటున్న పాలు ఎలా పట్టావమ్మా? వాసన రాకపోయినా ప్రమాదమే!"

"మా అత్తయ్య చూసే చెప్పారండీ. ఆవిడ మాటకి తిరుగుండదు."

నేను గోడ వైపు తిరిగాను.

తెల్లారినా పాప కళ్లు తెరవలేదు. నిన్న ఇంటి నుంచి తెచ్చిన పెరుగు డబ్బా మూత తీసి, కోడలు నా ముక్కు దగ్గర పెట్టింది.

"నిన్నటి నుంచీ ఏమీ తినలేదు మనం. బాగుందా అత్తయ్యా?"

తలూపాను. ఆమెకి చెంచాడు కూడా మిగల్చకుండా మొత్తం నేనే తినేశాను.