కట్టమ్మ దిక్కు, నా దిక్కు

జంపఖానాలు నేసే మా సొసైటీకి తాళం పడగానే పెద్దమనుషులందరికీ ఒక్కసారిగా మా మీద ప్రేమ పుట్టుకొచ్చింది. అది నడిచినన్నాళ్లూ ఒక్క జంపఖానా కొనని మహానుభావులు కాశిబుగ్గకు వచ్చి, మగ్గం పోతే పోయింది, కంప్యూటర్ ఉంది కదా అన్నారు. ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకు నిప్పు అడిగినట్టు, మాతో ఫొటోలు కూడా దిగారు. సెల్‌ఫోన్ల దుకాణం మీది అంతస్తులో ‘వెలుగుబాట డిజిటల్ శిక్షణ కేంద్రం’ అని బోర్డు పెట్టారు.

నేనూ కట్టమ్మక్కా పేర్లు రాయించుకున్నాం. అక్క నాకు చుట్టం కాదు. ఒకే మగ్గం మీద పక్కపక్కన కూర్చుని తలలు నెరిసినవాళ్లం. ఆమె కొడుకు యాకయ్య సూరత్ మిల్లులో పనిచేస్తూ, ఆమెనూ వచ్చెయ్యమని పోరుతున్నాడు.

“ఈడ కొలువు దొరికితే ఉంట మొగిలీ. లేకుంటే సూరత్ పోవుడే,” అంది.

ఆమె పోతే నాకు పొద్దు గడవదు. ఆ కంప్యూటర్ నేర్చి తీరాలని నేను పట్టుబట్టింది అందుకే, కొలువు మీద మోజుతో కాదు.

జంపఖానా ఒక్కరు నేసేది కాదు, వెడల్పు ఎక్కువ. ఎడమ సగం ఒకరిది, కుడి సగం ఒకరిది. పక్కవాళ్ల సగంలో చెయ్యి పెడితే నీకు పని రాదని మొహాన అన్నట్టే. ఆ అలవాటుతో మేం ఒకే కంప్యూటర్ ముందు కూర్చున్నాం. మీటల పలకకు నడిమిన గీత ఉందనుకున్నాం. ఎడమవైపు అక్షరాలు అక్కవి, కుడివైపువి నావి.

నేర్పే సారు మధు నెత్తి కొట్టుకున్నాడు. “అమ్మా, ఒక్కొక్కరు ఒక్కోదాని ముందట కూసోండ్రి.”

“ఒక్కరం ఎట్ల చేస్తం బిడ్డా?” అని అక్క నిజంగానే అడిగింది.

తర్వాత మా వేగం చూసి ఆయనే ఊరుకున్నాడు. నా వేలు లేచేలోపు ఆమె వేలు పడేది. మా బ్యాచ్‌లో మమ్మల్ని మించినవాళ్లు లేరు. తనిఖీకి వచ్చిన ఆఫీసరు రాజేశ్వర్ రావు మురిసిపోయి, ఇద్దరికీ కలిపి ఒక శాలువా కప్పించాడు. “విదేశాల్ల గిట్లనే జంటగ పని చేస్తరు,” అన్నాడు. శాలువా మాత్రం మగ్గానిది కాదు, మిల్లుది.

పరీక్ష రోజు కంప్యూటర్‌కు ఉన్న కెమెరా రెండు మొహాలు చూసి, కాపీ కొడుతున్నారని ఎర్రక్షరాలతో ఆగిపోయింది. మమ్మల్ని చెరో మూలన కూర్చోబెట్టారు. కుడి సగం నాకు కొట్టిన పిండి. ఎడమ సగం ఏ దేశపుదో నాకు తెలియదు. నా పేరే సగం అక్షరాలతో పడింది. అవతల అక్కకూ అదే గతి. ఇద్దరం ఫెయిలయ్యాం.

“ఫికర్ చెయ్యకుండ్రి, సర్టిఫికెట్ అందరికొస్తది,” అన్నాడు మధు.

“దాన్ని ఉప్పుకారం అద్దుకొని తినాల్నా?” అన్నాను.

వారం తిరగకముందే రాజేశ్వర్ రావు కబురు తెచ్చాడు. “హన్మకొండల సాఫ్ట్‌వేర్ కంపెనోళ్లు అడుగుతాండ్రమ్మా. లోపలికి రాంగనే హాల్ల మగ్గం పెడ్తరట. పట్టుచీర కట్టుకొని నేసుకుంట కూసోవాలె. వచ్చిపోయేటోళ్లు చూస్తరు.”

మగ్గం మీద కూర్చోవడానికా మేం కంప్యూటర్ నేర్చింది? నాకు నవ్వాగలేదు.

“టెక్నాలజీ కంపెనీల కొలువే గద. మేం గట్లనే రాసుకుంటం. గని పోస్టు ఒక్కటే,” అన్నాడు.

“జంపఖానాకు ఇద్దరుండాలె సారూ,” అన్నాను.

“నేసుడు ముఖ్యం గాదమ్మా, కూసునుడు ముఖ్యం.”

అక్క పేరు ఇచ్చాను. మా ఆయన ఆటో నడుపుతాడు, నేను ఎట్లాగో బతుకుతాను. ఆమె ఊళ్లో ఉంటే చాలు. కంపెనీ ఇచ్చిన చీర ఆమెకు నేనే కట్టి, పిన్ను పెట్టి, మా ఆటోలోనే పంపాను.

సాయంత్రం అక్క వచ్చి మా గడపలో కూలబడింది. “మంచిగనే చూసుకున్నరు. ఏసీ ఉన్నది. రెండుసార్లు చాయ్ ఇచ్చిండ్రు.”

“మరి మొఖం గట్లెందుకున్నది?”

“రేపటికెల్లి పోను. ఒక్కదాన్ని నేసుడు నాతోని కాదు. యాకయ్యకు ఫోన్ జేసిన. సూరత్ పోతాన్న.”

నాకు ఒళ్లు మండింది. “బుద్ధున్నదా అక్కా నీకు? ఉత్తగ కూసుంటె జీతమొస్తాంటె కాలదన్నుకుంటవా? ఆ రెండో సగం గూడ నువ్వే నేస్తె నీ చేతులు పడిపోతయా? ఎవ్వలు అడుగుతరు నిన్ను?” అని అరిచాను. అరుస్తూనే ఏడ్చాను.

అక్క భుజం మీది పిన్ను తీసి నా చేతిలో పెట్టింది. “అడిగేటోళ్లు ఎవ్వలు లేరు. గని పొద్దంత కూసున్నా నా చెయ్యి అటు పోలే. అది నీ దిక్కు గద మొగిలీ.”

ఆదివారం నేనే స్టేషన్ దాకా పోయి ఆమెను రైలెక్కించి వచ్చాను.