ఇంజను ఆపే ముందు

సెకండ్ హ్యాండ్‌లో కొన్న డీజిల్ కారు ఇరవై రోజులకే మొరాయించింది. కారంపూడి దాటాక ఎంత తొక్కినా లాగలేదు. వెనక నీలం రంగు పొగ. దేవిక దాన్ని ట్రాక్టరుకు కట్టించి నరసరావుపేటలోని మెకానిక్ మీరా సాహెబ్ షెడ్డుకు చేర్చింది. ఆయన ఇంజనులోకి గాలి తోసే టర్బో విప్పి, లోపలి ఇరుసు చివర ఆమె వేలు పెట్టించాడు.

"ఆడించి చూడు డాక్టరమ్మా."

అది ఊడబోయే పన్నులా కదిలింది.

"ఇది నిమిషానికి లక్షసార్ల పైన తిరుగుద్ది. నూనె మీద తేలతా తిరుగుద్ది. నువ్వేమో దారంతా అదరగొట్టుకుంటా వచ్చి ఇంటి ముందు టక్కున తాళం తిప్పేస్తన్నావు. ఇంజను ఆగితే నూనె ఆగిపోద్ది. వేడి ఆగదు గదా! ఉన్న నూనె మాడి బొగ్గయిపోద్ది."

"నేను కొని నెల కూడా కాలేదు సాహెబ్ గారూ."

"నీకు ముందు నడిపినోడు కూడా ఇదే పని చేసుంటాడు. కొత్తది వేస్తా. ఇకనుంచి రాంగానే ఆపమాక. రెండు నిమిషాలు ఊరికే ఆడనియ్యి. చల్లబడ్డాక ఆపు."

దేవిక పశువుల డాక్టరు. గురజాల వైపున్న ఊళ్లో పోస్టింగు వచ్చి రెండేళ్లయింది. పదకొండు ఊళ్ల గొడ్లూ గొర్రెలూ ఆమె కిందే. రెండేళ్లు స్కూటీ మీద తిరిగేసరికి నడుము పట్టేసి, కారు కొంది. ఊళ్లో ఒక్కతే అద్దెకు ఉంటుంది. ఎదురింట్లో రత్నకుమారి, ఆమె భర్త చెన్నకేశవరావు. స్కూటీ రోజుల్లో ఆమె బండి చప్పుడు వినపడగానే రత్నకుమారి వసారాలోంచి కేకేసేది. "ఏమే అమ్మాయ్, కాళ్లు కడుక్కుని రా, పునుగులేశా" అనేది. చెన్నకేశవరావు పెద్దగా మాట్లాడేవాడు కాదు. ఎడమ చెయ్యి ఒళ్లో పెట్టుకుని గోడవారగా కూర్చునేవాడు. ఆ చేతికి ఏమైందో దేవిక ఎప్పుడూ అడగలేదు.

కారు బాగై వచ్చిన మొదటి రోజు సాయంత్రం ఇంటి ముందు ఆపి, సెల్‌ఫోన్లో గడియారం చూసుకుంటూ రెండు నిమిషాలు ఇంజను ఆడనిచ్చింది. ఎదురింటి తలుపు మూసుకుంది. లోపల గడియ పెట్టిన చప్పుడు కూడా వినపడింది. రెండో రోజూ అంతే. మూడో రోజు ఆమె బండి మలుపు తిరుగుతుండగానే వసారా ఖాళీ అయింది. వారం గడిచాక పునుగుల పిలుపూ లేదు, పలకరింపూ లేదు.

దేవికకు మనసు చివుక్కుమంది. స్కూటీ మీద తిరిగినన్నాళ్లూ అమ్మాయ్ అన్నవాళ్లు, కారు కొనేసరికి ఓర్వలేకపోయారనుకుంది. అడగాలనిపించలేదు. తనూ ముఖం తిప్పుకుంది. పైగా ఒక మొండితనం వచ్చింది. నా గుమ్మం, నా బండి అనుకుని రెండు నిమిషాలకు ఒక్క సెకను కూడా తగ్గించేది కాదు.

మాఘంలో గొర్రెలకు జబ్బు తగిలింది. ఆ రోజు నాలుగు ఊళ్లు తిరిగి ఐదున్నరకు ఇంటి ముందుకు వచ్చేసరికి పై ఆఫీసరు ఫోను చేశాడు. టీకాల రిపోర్టు ఎందుకు ఆలస్యమైందని గట్టిగా అడుగుతున్నాడు. అద్దాలు ఎత్తి, ఏసీ వేసుకుని, ఆమె సంజాయిషీ చెప్పుకుంటూ ఉండిపోయింది. ఇంజను ఆడుతూనే ఉంది. రెండు నిమిషాలు కాస్తా పది నిమిషాలయింది.

ఎవరో అద్దం మీద అరచేత్తో బాదారు. రత్నకుమారి. కొంగు జారిపోయి ఉంది. ఏదో అరుస్తోంది గానీ లోపలికి వినపడటం లేదు. చేత్తో బండిని చూపిస్తోంది. దేవిక ఫోను చెవి దగ్గరే పెట్టుకుని, అద్దం దించకుండా రెండు వేళ్లు చూపించింది. రెండు నిమిషాలు, అని. రత్నకుమారి ఒక్క క్షణం ఆ వేళ్ల వంక చూసి, ఇంట్లోకి పరిగెత్తింది.

ఫోను ముగిసి, తాళం తిప్పాక గానీ కేకలు వినపడలేదు. అవి ఎదురింటి పెరట్లోంచి వస్తున్నాయి. దేవిక పరుగెత్తింది. పెరటి గోడ అవతల సందులో చెన్నకేశవరావు ఒక పక్కకు పడి ఉన్నాడు. కుడి మణికట్టు వంకర తిరిగి, అప్పుడే వాచిపోతోంది. గోడెక్కి దూకబోయాడు. ఎడమ చేతిలో పట్టు లేదు. జారిపోయాడు.

"ఆపమని మొత్తుకున్నా గదా!" రత్నకుమారి ఆయన తల ఒళ్లో పెట్టుకుని అరిచింది. "ఎన్నిసార్లు చెప్పాలే నీకు?"

"ఇంతకుముందు ఎప్పుడు చెప్పావు పిన్నీ?"

రత్నకుమారి ఆయన చెయ్యి కదలకుండా పట్టుకుంది. నిజానికి ఆమె ఎప్పుడూ చెప్పలేదు. మొగుడు భయపడుతున్నాడని వీధిలో చెప్పుకోలేకపోయింది. 

ఆ వేళకు దొరికే బండి దేవికదే. చెన్నకేశవరావు దాని వంక చూసి వెనక్కి తగ్గాడు. నొప్పికి పెదవి కొరుక్కుంటూనే, "నడిచే బండి ఏం చెయ్యదులే" అని తనకు తనే చెప్పుకుని వెనక సీట్లో ఎక్కాడు. రత్నకుమారి పక్కన కూర్చుంది. దేవిక చున్నీతో చేతికి కట్టు కట్టి, నరసరావుపేట దారి పట్టింది. రోడ్డు ఖాళీగా ఉన్నచోటల్లా వేగంగా తోలింది.

దారిలో రైలు గేటు పడింది. ముందు రెండు ఆటోలు, ఒక ధాన్యం లారీ. కారు ఆగింది. ఇంజను ఆడుతోంది. అద్దంలో చూస్తే చెన్నకేశవరావు మెడ నరాలు బిగుసుకున్నాయి. కళ్లు అటూ ఇటూ తిరుగుతున్నాయి. విరిగిన చేత్తోనే తలుపు తీయబోయాడు.

దేవిక టక్కున తాళం తిప్పేసింది. బానెట్ కింద లోహం టిక్కుటిక్కుమంటోంది. మాడితే మాడనీ అనుకుంది.

నిశ్శబ్దంలో చెన్నకేశవరావు ఊపిరి మెల్లగా కుదురుకుంది. గేటు వంక చూస్తూ ఆయనే చెప్పడం మొదలుపెట్టాడు.

"పోయిన పంచాయితీ ఎలక్షన్లప్పుడమ్మా. పొద్దున తొమ్మిదింటికి. వసారాలో పేపరు చూస్తన్నా. ఇంటి ముందు జీపాగింది. ఇంజను ఆపలా. ఎవరికోసమో వచ్చారులే అనుకున్నా. ఆ చప్పుడులో కాళ్ల చప్పుడు వినపడలా. తలెత్తేసరికి ముగ్గురు కత్తులతో మీదున్నారు. చెయ్యి అడ్డం పెట్టా కాబట్టి తల దక్కింది."

"నాకు తెలియదు బాబాయ్."

"నీ బండి అని తెలుసమ్మా. నువ్వేనని తెలుసు. తెలిసినా కాళ్లు ఆగవు."

"కేసు పెట్టలేదా?"

"నడస్తంది. నరికినోళ్లు ముసుగేసుకున్నారు. జీపు తోలినోడు వేసుకోలా. వాణ్ణి నేనొక్కణ్ణే చూశా. కోర్టుకొచ్చి చెప్పమంటన్నారు. మూడు వాయిదాలు ఎగ్గొట్టా."

గేటు లేచింది. ఆసుపత్రి ముందు కూడా దేవిక ఆగీ ఆగకముందే ఇంజను ఆపేసింది. ఎముక రెండుచోట్ల విరిగిందన్నారు. ఆరు వారాల కట్టు. పనికొచ్చే ఒక్క చెయ్యీ ఇప్పుడు కట్టులో ఉంది. ఆ రాత్రి రత్నకుమారి ఆయనకు అన్నం కలిపి తినిపిస్తుంటే దేవిక గది బయట బెంచీ మీద కూర్చుంది. అద్దం ఒక్క అంగుళం దించి ఉంటే సరిపోయేది. ఆ ఆలోచన ఎటు తిరిగినా అక్కడికే వచ్చింది.

మర్నాడు మీరా సాహెబ్ దగ్గరికి వెళ్లి జరిగింది చెప్పింది. ఆయన గెడ్డం నిమురుకుంటూ విన్నాడు.

"ఇంటి ముందే ఆడించాలని ఏముందమ్మా? ఊరు రెండు కిలోమీటర్లు ఉందనంగా నింపాదిగా తోలుకో. బండి నడస్తానే చల్లబడుద్ది. వచ్చి వెంటనే ఆపేసుకో."

దేవిక గబుక్కున అడిగింది. "ఈ మాట ఆ రోజే చెప్పొచ్చు గదా?"

"నువ్వడగలా. రెండు నిమిషాలంటే ఎవరికైనా గుర్తుంటదని అట్టా చెప్పా." ఆయన ముఖం చిన్నబోయింది. "ఇట్టాంటిది ఎవరనుకుంటారు?"

ఆయన మీద కోపం తెచ్చుకోవాలని చూసింది గానీ రాలేదు. ఆయన రెండు నిమిషాలని మాత్రమే అన్నాడు. రెండు వేళ్లు చూపించింది తను.

ఆ రోజు నుంచి కాలవ కట్ట దగ్గరే వేగం తగ్గించేది. గొర్రెల మందల వెనక, ఎడ్లబండ్ల వెనక ఓపిగ్గా వచ్చి, గుమ్మం ముందు బండి నిలిచీ నిలవగానే ఆపేసేది. ఎదురింటి తలుపు తెరిచే ఉంటోంది. రత్నకుమారి మళ్లీ పలకరించింది, మునుపటంత చనువుగా కాదు. పునుగుల మాట ఎత్తలేదు. దేవికే సాయంత్రాలు వెళ్లి ఆయనకు చొక్కా గుండీలు పెట్టడంలో, గెడ్డం గీయడంలో సాయం చేసేది. ఆయన వద్దనేవాడు. మళ్లీ గెడ్డం ముందుకు చాచేవాడు.

మూడు వారాలకు పంచాయితీ ఎన్నికల నోటిఫికేషను వచ్చింది. మైకులు కట్టిన ఆటోలు, జీపులు వీధిలోకి వచ్చాయి. ఒక్కోటీ పావుగంటసేపు ఇంజను ఆపకుండా నిలబడేది. దేవిక ఒకరిద్దరిని బతిమాలింది. "మా బండి మా ఇష్టం డాక్టరమ్మా" అన్నాడొకడు. ఆ మాట తన నోట్లోదే అనిపించి తిరిగి వచ్చేసింది. చెన్నకేశవరావు వెనక గదిలోంచి బయటికి రావడం మానేశాడు. భోజనం కూడా అక్కడే.

రత్నకుమారి రెండు సంచులు సర్దింది. నరసరావుపేటలో ఆమె చెల్లెలి ఇంటికి దేవికే దిగబెట్టింది. ఫలితాలు వచ్చి, ఊరేగింపులు అయిపోయాక, అంటే నెల దాటాక తిరిగొచ్చారు. కట్టు విప్పేశారు గానీ ఆయన కుడి చేతి వేళ్లు పూర్తిగా ముడుచుకోవడం లేదు. గ్లాసు రెండు అరచేతుల మధ్య పట్టుకుని తాగుతున్నాడు.

వచ్చిన నాలుగో రోజు ఉదయం ఆయనే వీధి దాటి దేవిక గుమ్మంలోకి వచ్చాడు. రెండేళ్లలో ఆ ఇంటి మెట్లు ఎక్కడం అదే మొదలు.

"ఎల్లుండి గురజాల కోర్టులో వాయిదా ఉందమ్మా. తీసుకుపోతావా?"

తీసుకువెళ్లింది. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. కోర్టు ఆవరణలో చెట్ల కింద నాలుగైదు బండ్లున్నాయి. ఒకదాని ఇంజను ఆడుతోంది. ఆయన మెట్ల దగ్గర ఆగిపోయాడు. రత్నకుమారి మోచెయ్యి పట్టుకుంది. చాలాసేపు అట్లాగే నిలబడి, తల వంచుకుని, గబగబా మెట్లెక్కి లోపలికి వెళ్లాడు.

అరగంటలో బయటికి వచ్చాడు. ఆ రోజు విచారణ జరగలేదు. అవతలి వకీలు గడువు అడిగాడట. చొక్కా వీపంతా చెమటతో తడిసిపోయి ఉంది.

"వచ్చే నెల పదిహేడుకు వేశారు," అన్నాడు. "నీకు ఖాళీ ఉంటదా?"

"ఉంటుంది బాబాయ్."

"గొడ్ల పనులు ఉంటయ్యేమో చూసుకో."

"చూసుకునే చెబుతున్నాను," అంది దేవిక.